క్వెరీ ఎందుకు నెమ్మదించింది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం రిలేషనల్ డేటాబేసుల్లో (సమాచారాన్ని టేబుళ్లుగా ఉంచే వ్యవస్థల్లో) నెమ్మదించిన క్వెరీల, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాల గురించినవే కావడంతో, ఉన్న చోటంతా వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కుదించి, పంపినవారి పేర్లు, సంస్థల పేర్లు తీసివేసి ప్రచురిస్తున్నాము. రాయబోయేవారికి ఒక విన్నపం. డేటాబేస్ పేరు, వెర్షన్, టేబుళ్లలోని వరుసల సంఖ్య, ఉన్న ఇండెక్సులు (వరుసలను త్వరగా వెతకడానికి క్రమంలో ఉంచిన సూచికలు), అన్నిటికంటే ముఖ్యంగా ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం ఇచ్చిన ప్లాన్ (క్వెరీని డేటాబేస్ ఏ అడుగుల్లో నడుపుతుందో చెప్పే వివరం), ఇవన్నీ ఉత్తరంతో జతపరచండి. ప్లాన్ లేకుండా క్వెరీని మాత్రమే పంపితే మేము చెప్పగలిగేది ఊహే అవుతుంది.

ప్రశ్న: మాది రైతు కుటుంబాల సమాచారం సేకరించే చిన్న సంస్థ. పోస్ట్‌గ్రెస్‌లో కుటుంబాల టేబుల్‌లో 20 లక్షల వరుసలు, క్షేత్ర సందర్శనల టేబుల్‌లో 12 లక్షల వరుసలు ఉన్నాయి. రెండింటినీ జాయిన్ చేసి (కలిపి) నివేదిక తీసేటప్పుడు జిల్లా పేరు మాత్రమే ఇస్తే మూడు సెకన్లలో వస్తోంది. మండలం, గ్రామం కూడా ఇస్తే రావలసిన వరుసలు ఎంతో తగ్గుతాయి కదా, అయినా రెండు నిమిషాలు దాటుతోంది. షరతులు పెంచినకొద్దీ వేగం తగ్గడమేమిటి? ప్లాన్ జతపరిచాను. (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీరు ప్లాన్ పంపడం వల్ల పని సులువైంది. కుటుంబాల టేబుల్ దగ్గర ప్లానర్ (ప్లాన్‌ను ఎంచుకునే డేటాబేస్ భాగం) వేసిన అంచనా ఒక్క వరుస. వాస్తవంగా వచ్చినవి 250. ఒక్క వరుసే వస్తుందని నమ్మిన ప్లానర్, ఆ ఒక్కదాని కోసం సందర్శనల టేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివితే సరిపోతుందని భావించి నెస్టెడ్ లూప్ పద్ధతిని ఎంచుకుంది. వరుసలు 250 వచ్చేసరికి ఆ 12 లక్షల వరుసల టేబుల్‌ను 250 సార్లు చదవవలసి వచ్చింది. అంటే 30 కోట్ల వరుసలను పరిశీలించినట్లు. జిల్లా పేరు మాత్రమే ఇచ్చినప్పుడు లక్ష వరుసలు వస్తాయని సరిగ్గానే అంచనా వేసి హాష్ జాయిన్ చేసింది కాబట్టి, రెండు టేబుళ్లనూ ఒక్కొక్కసారే చదివి మూడు సెకన్లలో ముగించింది.

అంచనా అంతగా ఎందుకు తప్పింది? ఏ కాలమ్‌కు ఆ కాలమ్‌కు విడిగా గణాంకాలు ఉంచుకునే ప్లానర్‌కు, రెండు కాలమ్‌ల మధ్య ఉన్న సంబంధం తెలియదు. మీ టేబుల్‌లో ఒక జిల్లా వాటా ఇరవయ్యో వంతు, ఒక మండలం వాటా ఐదు వందలో వంతు, ఒక గ్రామం వాటా ఎనిమిది వేలలో వంతు అనుకుందాం. ప్లానర్ ఈ మూడింటినీ గుణిస్తుంది. ఫలితం ఎనిమిది కోట్లలో ఒక వంతు. 20 లక్షల వరుసల్లో అది ఒకటి కంటే కూడా తక్కువ కనుక, ఒకటిగా సరిదిద్దుకుంటుంది. తెనాలి మండలమని చెప్పిన తరువాత గుంటూరు జిల్లా అని చెప్పడం వల్ల కొత్తగా ఒక్క వరుస కూడా తగ్గదన్న సంగతి మనకు తెలుసు, దానికి తెలియదు. ఈ గుణకారం కొత్తదేమీ కాదు. 1979లో ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ కోసం పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు ఖర్చు ఆధారంగా ప్లాన్ ఎంచుకునే పద్ధతిని వివరించిన పత్రంలోనే, కాలమ్‌ల విలువలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుని వాటాలను గుణిస్తున్నామని స్పష్టంగా రాశారు. ఈనాటి డేటాబేసులు చాలావరకు ఆ మార్గంలోనే నడుస్తున్నాయి.

పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్ నుంచి దీనికి ఒక విరుగుడు ఉంది. క్రియేట్ స్టాటిస్టిక్స్ ఆదేశంతో జిల్లా, మండలం, గ్రామం కాలమ్‌లపై డిపెండెన్సీస్ రకం గణాంకాలను ప్రకటించి, ఆ వెంటనే అనలైజ్ ఆదేశం నడపండి. ప్రకటించినంత మాత్రాన గణాంకాలు తయారు కావు. అనలైజ్ నడిచినప్పుడే లెక్కలు చేరతాయి. చాలామంది ఈ రెండో అడుగు మరిచి, ఫలితం లేదని వదిలేస్తారు. ఆ తరువాత ప్లాన్‌లో అంచనా 250కి దగ్గరగా వస్తుంది, జాయిన్ పద్ధతి దానంతట అదే మారుతుంది. ఈ రకం గణాంకాలు సమానత్వ షరతులకే పనికివస్తాయని గుర్తుంచుకోండి.

మీ సమాచారానికి ప్రత్యేకంగా వర్తించే మాట మరొకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు నమోదైన వరుసల్లో బాపట్ల మండలం గుంటూరు జిల్లాలోనూ, తరువాతి వరుసల్లో బాపట్ల జిల్లాలోనూ ఉండి ఉంటే, మండలం తెలిస్తే జిల్లా తెలిసిపోతుందన్న నియమం మీ టేబుల్‌లో పూర్తిగా నిలవదు. గణాంకాలు ఆ సంబంధం బలాన్ని తగ్గించి చూపిస్తాయి. పేర్లను అలాగే టేబుల్‌లో నింపకుండా, గ్రామానికి ఒక కోడ్ ఉంచి, మండలం, జిల్లా వివరాలను వేరే టేబుల్‌లో పెట్టి ఉంటే ఈ చిక్కు ఇంత పెరిగేది కాదు. ఇప్పుడైనా క్వెరీలో గ్రామం కోడ్ ఒక్కటే ఇవ్వగలిగితే మిగిలిన రెండు షరతులూ తీసివేయవచ్చు.

ఇక సందర్శనల టేబుల్‌లో కుటుంబం సంఖ్య కాలమ్‌పై ఇండెక్స్ లేదు. దానిపై ఫారిన్ కీ (అందులోని విలువ కుటుంబాల టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమం) ఉంది కాబట్టి ఇండెక్స్ కూడా ఉంటుందని మీరు అనుకున్నట్లున్నారు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో, దాని ఇన్నోడీబీ నిల్వ పద్ధతిలో అయితే ఆ ఇండెక్స్ దానంతట అదే ఏర్పడుతుంది; పోస్ట్‌గ్రెస్‌లో ఏర్పడదు, మనమే చేసుకోవాలి. ఈ ఇండెక్స్ ఉంటే అంచనా తప్పినా కూడా క్వెరీ రెండు నిమిషాలు పట్టేది కాదు. నడుస్తున్న వ్యవస్థలో చేస్తున్నారు కాబట్టి కంకరెంట్లీ అన్న మాట చేర్చి చేయండి. లేకపోతే ఇండెక్స్ తయారయ్యేదాకా ఆ టేబుల్‌లో రాతలన్నీ ఆగిపోతాయి.

ప్లాన్ చదివేటప్పుడు మీరు పొరబడిన చోటు ఒకటి ఉంది. లోపలి టేబుల్ (ఇక్కడ సందర్శనల టేబుల్) దగ్గర కనిపించే వరుసల సంఖ్య, సమయం, ఒక్కొక్క లూప్‌కు సగటు మాత్రమే. పక్కనే లూప్స్ 250 అని ఉంది. సమయాన్ని దానితో హెచ్చించి చూడండి, అప్పుడు మొత్తం కాలం ఎక్కడ పోయిందో తెలుస్తుంది. ఎక్స్‌ప్లెయిన్‌కు అనలైజ్ చేర్చినప్పుడు క్వెరీ నిజంగానే నడుస్తుందన్నది కూడా మరవకండి (పైన చెప్పిన గణాంకాల అనలైజ్ వేరు, ఇది వేరు). అప్‌డేట్, డిలీట్ వంటి వాటిని పరీక్షించేటప్పుడు ట్రాన్సాక్షన్ (మార్పులన్నీ కలిసి ఖాయమయ్యే లేదా రద్దయ్యే ఒక కట్ట) తెరిచి, చూసిన తరువాత రోల్‌బ్యాక్ చేయాలి, అంటే ఆ మార్పులను రద్దు చేయాలి.

ప్రశ్న: మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ 8పై నడుస్తుంది. బిల్లుల టేబుల్‌లో 60 లక్షల వరుసలు ఉన్నాయి. బిల్లు తేదీపై ఇండెక్స్ ఉన్నా, నెలవారీ నివేదికకు టేబుల్ మొత్తాన్ని చదువుతోంది. ఇయర్ ఫంక్షన్ 2025కు సమానం, మంత్ ఫంక్షన్ 7కు సమానం అన్న రెండు షరతులు పెట్టాము. ఇండెక్స్ వాడమని బలవంతపెట్టవచ్చా? (ఒక ప్రోగ్రామర్, గుంటూరు)

జవాబు: బలవంతపెట్టవద్దు. ఇండెక్స్‌లో తేదీలు వరుసక్రమంలో ఉన్నాయి కానీ, తేదీలకు మంత్ ఫంక్షన్ వర్తింపజేస్తే వచ్చే ఫలితాలు ఆ క్రమంలో లేవు. 7 అన్న విలువ ఇండెక్స్‌లో ఎక్కడ మొదలవుతుందో వెతకడానికి వీలు లేదు కనుక, డేటాబేస్ ఒక్కొక్క వరుసనూ తీసి ఫంక్షన్ లెక్కకట్టి చూస్తోంది. కాలమ్‌ను ఒంటరిగా వదిలి, లెక్కంతా ఎదుటి పక్కకు మార్చండి: బిల్లు తేదీ 2025 జులై 1 లేదా ఆ తరువాతది, 2025 ఆగస్టు 1 కంటే ముందుది అని రాయండి. ప్లాన్‌లో టైప్ కింద ఆల్ (టేబుల్ అంతా చదవడం) అని ఉన్నది రేంజ్‌గా (ఆ పరిధి మేరకే చదవడం) మారుతుంది.

ఆగస్టు 1 కంటే ముందు అని రాయమన్నది ఊరికే కాదు. కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంటే, బిట్వీన్ వాడి జులై 31 దాకా అని రాసినప్పుడు ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటల వరకే లెక్కలోకి వస్తుంది. చివరి రోజు బిల్లులన్నీ నివేదికలో మాయమవుతాయి. ఆర్థిక సంవత్సరం ముగింపు నివేదికల్లో మార్చి 31 అమ్మకాలు తగ్గి కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది దీనినే.

ఇంత చేసినా, ఏడాది మొత్తానికి నివేదిక అడిగితే మళ్లీ టేబుల్ అంతా చదవవచ్చు. అప్పుడు అది సరైన నిర్ణయమే కావచ్చు. ఇన్నోడీబీలో సెకండరీ ఇండెక్స్‌లో (ప్రైమరీ కీపై కాక వేరే కాలమ్‌పై ఉన్నదానిలో) ఉండేది ఆ కాలమ్ విలువ, దానితో పాటు ప్రైమరీ కీ (ఆ వరుసను గుర్తించే ప్రత్యేక విలువ) మాత్రమే. మిగతా కాలమ్‌లు కావాలంటే ప్రతి వరుసకూ మళ్లీ ప్రైమరీ కీ ద్వారా వెళ్లి తెచ్చుకోవాలి. కావలసినవి టేబుల్‌లో పెద్ద భాగమైతే, అన్ని లక్షల సార్లు అటూ ఇటూ తిరగడం కంటే 16 కిలోబైట్ల పేజీలను వరుసగా చదువుకుంటూ పోవడమే చౌక. పోస్ట్‌గ్రెస్ కూడా ఇదే లెక్క వేస్తుంది. వరుసగా చదివే పేజీ ఖర్చు 1 అనుకుంటే, అక్కడొకటి ఇక్కడొకటి చదివే పేజీ ఖర్చు 4 అని దాని డిఫాల్ట్ విలువ. ఎస్ఎస్‌డీ డిస్కులు వాడేవారు చాలామంది ఆ 4ను 1.1 దాకా తగ్గిస్తారు.

మీ నివేదికకు తేదీ, శాఖ, మొత్తం అన్న మూడు కాలమ్‌లే చాలు. ఆ మూడింటినీ అదే క్రమంలో కలిపి ఒక ఇండెక్స్ చేస్తే, టేబుల్ జోలికి పోకుండా ఇండెక్స్ నుంచే జవాబు వస్తుంది. ప్లాన్‌లో యూజింగ్ ఇండెక్స్ అని కనిపిస్తే అది జరిగినట్లు.

ప్రశ్న: మొబైల్ నంబరుతో ఖాతాదారును వెతికే క్వెరీ మూడు సెకన్లు తీసుకుంటోంది. నంబరు కాలమ్‌పై యునీక్ ఇండెక్స్ ఉంది. ఇంతకంటే సరళమైన క్వెరీ మా దగ్గర లేదు. (వరంగల్ నుంచి)

జవాబు: కాలమ్ వార్‌క్యార్ (అక్షరాలుగా నిల్వ చేసే) రకం, క్వెరీలో మీరిచ్చిన నంబరుకు కొటేషన్ గుర్తులు లేవు. మైఎస్‌క్యూఎల్ ఇటువంటప్పుడు రెండు పక్కలనూ దశాంశ సంఖ్యలుగా మార్చి పోలుస్తుంది. కాలమ్‌లోని ప్రతి విలువనూ మార్చవలసి రావడంతో ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది. నంబరును కొటేషన్లలో ఉంచండి, లేదా ప్రోగ్రామ్‌లో ఆ పరామితిని (క్వెరీకి ఇచ్చే విలువను) స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా పంపండి. ఒరాకిల్‌లో కూడా కాలమ్‌పైనే సంఖ్యగా మార్చే ఫంక్షన్ చాటుగా వర్తిస్తుంది, ఫలితం ఇదే. పోస్ట్‌గ్రెస్ అయితే నేరుగా ఎర్రర్ ఇస్తుంది. మౌనంగా నెమ్మదించడం కంటే అది ఎంతో మేలని నా అభిప్రాయం. రెండు టేబుళ్లను జాయిన్ చేసే కాలమ్‌ల రకాలు, క్యారెక్టర్ సెట్‌లు, కొలేషన్‌లు (అక్షరాల క్రమం, పోలికల నియమాలు) వేరువేరుగా ఉన్నప్పుడు కూడా ఇదే జబ్బు కనిపిస్తుంది.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచి ఉంచిన ప్రోగ్రామ్) మా అప్లికేషన్ నుంచి 40 సెకన్లు తీసుకుంటోంది. అదే ప్రొసీజర్‌ను అవే విలువలతో మేనేజ్‌మెంట్ స్టూడియో అనే నిర్వహణ సాధనంలో నడిపితే సెకనులో వస్తోంది. నెట్‌వర్క్ లోపం కాదని తేల్చుకున్నాము. (డాలస్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు డెవలపర్)

జవాబు: రెండు చోట్లా నడుస్తున్నది ఒకే ప్రొసీజర్ అయినా ఒకే ప్లాన్ కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక ప్రొసీజర్‌ను మొదటిసారి కంపైల్ చేసేటప్పుడు, ఆ సమయంలో అందిన పరామితుల విలువలను చూసి ప్లాన్ తయారుచేసి దాచుకుంటుంది. తరువాత వచ్చేవారందరికీ అదే వాడుతుంది. మొదట పిలిచింది పది ఆర్డర్లున్న చిన్న ఖాతాదారు కోసమైతే, లక్ష ఆర్డర్లున్న పెద్ద ఖాతాదారుకు కూడా ఆ చిన్నవాడి ప్లానే దక్కుతుంది. దాచిన ప్లాన్‌ను గుర్తించడానికి కనెక్షన్ సెట్టింగులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మేనేజ్‌మెంట్ స్టూడియోలో అరిత్అబార్ట్ అన్న సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అప్లికేషన్ డ్రైవర్ల నుంచి వచ్చే కనెక్షన్లలో సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది. అందువల్ల మీరు పరీక్షించినప్పుడు వేరే ప్లాన్ తయారై, వేగంగా కనిపించింది. ఆ సెట్టింగ్‌ను అప్లికేషన్‌లో ఆన్ చేస్తే సమస్య తీరిందని చెప్పేవారు ఉన్నారు. నిజానికి కొత్త ప్లాన్ తయారైనందువల్ల తాత్కాలికంగా తీరుతుంది, మరో చిన్న ఖాతాదారు మొదట వచ్చిన రోజున తిరిగి వస్తుంది.

పరీక్ష కోసం మీ కనెక్షన్‌లో ఆ సెట్టింగ్‌ను ఆఫ్ చేసి నడపండి; 40 సెకన్లు మీకూ కనిపిస్తే కారణం రుజువైనట్లే. 2016 వెర్షన్ నుంచి ఉన్న క్వెరీ స్టోర్‌లో ఒకే క్వెరీకి పుట్టిన వేరువేరు ప్లాన్లను పక్కపక్కన చూడవచ్చు. పరిష్కారం క్వెరీ స్వభావాన్ని బట్టి ఉంటుంది. అరుదుగా నడిచే పెద్ద నివేదిక అయితే ఆ వాక్యానికి రీకంపైల్ సూచన చేర్చండి. నిమిషానికి వేలసార్లు నడిచేదైతే ప్రతిసారీ కంపైల్ చేయడం భారమవుతుంది కనుక, పెద్ద, చిన్న ఖాతాదారులిద్దరికీ సరిపోయే ఇండెక్స్ ఒకటి కల్పించి, ప్లాన్ ఏదైనా పెద్దగా తేడా రాకుండా చూడడమే నిలకడైన మార్గం. 2022 వెర్షన్‌లో పరామితిని బట్టి ఒకటి కంటే ఎక్కువ ప్లాన్లు ఉంచుకునే సదుపాయం వచ్చింది.

మీరు జావా వాడుతున్నారని రాశారు కాబట్టి ఇంకొకటి చూడండి. జేడీబీసీ డ్రైవర్ (జావాను డేటాబేస్‌తో కలిపేది) డిఫాల్ట్‌గా స్ట్రింగ్ పరామితులను యూనికోడ్ రకంగా పంపుతుంది. కాలమ్ వార్‌క్యార్ అయితే, కొలేషన్‌ను బట్టి, కాలమ్‌నే మార్చి పోల్చవలసి వచ్చి ఇండెక్స్ సీక్ (నేరుగా వెతకడం) కాస్తా స్కాన్‌గా (మొత్తం చదవడంగా) మారవచ్చు. వరంగల్ పాఠకుడి మొబైల్ నంబరు కథకు ఇది దగ్గరి చుట్టమే. పోస్ట్‌గ్రెస్ వాడేవారికి ఇదే కోవలోని సమస్య ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల (ముందే సిద్ధం చేసి విలువలు మార్చి వాడే క్వెరీల) రూపంలో వస్తుంది: మొదటి ఐదుసార్లు విలువలను చూసి ప్లాన్ వేసి, ఆ తరువాత విలువలు చూడని సాధారణ ప్లాన్‌కు మారవచ్చు. ఆరోసారి నుంచి నెమ్మదించే క్వెరీ కనబడితే ఇదే కారణమని అనుమానించి, 12వ వెర్షన్ నుంచి ఉన్న ప్లాన్ క్యాష్ మోడ్ సెట్టింగ్‌తో పరీక్షించండి.

ప్రశ్న: మా ఆర్డర్ల వ్యవస్థలో ప్రైమరీ కీతో ఒకే ఒక్క వరుసను మార్చే అప్‌డేట్ కొన్నిసార్లు 30 సెకన్లు ఆగిపోతోంది. ఎక్స్‌ప్లెయిన్‌లో తప్పు కనిపించడం లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. సర్వర్ సీపీయూ కూడా ఖాళీగానే ఉంది. (హైదరాబాద్ నుంచి)

జవాబు: ప్లాన్ బాగుండి, సీపీయూ ఖాళీగా ఉండి, కొన్నిసార్లు మాత్రమే ఆగుతోందంటే, ఆ క్వెరీ పనిచేయడం లేదు, ఎదురుచూస్తోంది. ఇండెక్సులు చేర్చి ప్రయోజనం లేదు. ఆగిన సమయంలో పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూ చూడండి. వెయిట్ ఈవెంట్ టైప్ కింద లాక్ (ఒకరు మారుస్తున్నదాన్ని ఇతరులు మార్చకుండా వేసే తాళం) అని ఉంటుంది. పీజీ బ్లాకింగ్ పిడ్స్ అన్న ఫంక్షన్‌కు ఆగిన ప్రాసెస్ సంఖ్యను ఇస్తే, దానికి అడ్డు నిలిచినవారి సంఖ్యలు చెబుతుంది. ఆ అడ్డు నిలిచిన సెషన్ స్థితి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని ఉంటే, ట్రాన్సాక్షన్ తెరిచి, వరుసను మార్చి, కమిట్ చేయకుండా (మార్పును ఖాయం చేయకుండా) మీ ప్రోగ్రామ్ వేరే పనిలో పడిందని అర్థం.

మీరు వివరించిన క్రమం చూస్తే ఆ వేరే పని ఏమిటో తెలుస్తూనే ఉంది: ఆర్డర్ స్థితిని మార్చిన తరువాత, ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే, చెల్లింపుల సేవను పిలిచి దాని జవాబు కోసం చూస్తున్నారు. ఆ సేవ ఆలస్యం చేసిన ప్రతిసారీ ఆ వరుసపై లాక్ అలాగే ఉండిపోతుంది. బయటి సేవను పిలవడం ట్రాన్సాక్షన్‌కు ముందో వెనుకో జరగాలి, మధ్యలో కాదు. ఆర్డర్‌ను చెల్లింపు కోసం వేచి ఉన్న స్థితికి మార్చి కమిట్ చేయండి. జవాబు వచ్చాక మరో చిన్న ట్రాన్సాక్షన్‌లో తుది స్థితికి మార్చండి. రక్షణగా ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్‌ను కూడా అమర్చుకోవచ్చు, అయితే అది జబ్బుకు మందు కాదు.

ఇదే సందర్భంలో టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం గురించి ఒక హెచ్చరిక. కొత్త కాలమ్ చేర్చడం క్షణంలో అయ్యే పనే కావచ్చు. కానీ ఆ క్షణం కోసం దానికి టేబుల్ మొత్తంపై లాక్ కావాలి. ఎవరో మరిచిపోయిన ట్రాన్సాక్షన్ ఒకటి అప్పటికే ఆ టేబుల్‌ను పట్టుకుని ఉంటే ఆల్టర్ క్యూలో నిలబడుతుంది, దాని వెనుక వచ్చిన సాధారణ సెలెక్ట్‌లు కూడా నిలబడిపోతాయి. ఇటువంటి ఆదేశాలకు ముందు లాక్ టైమవుట్‌ను రెండు మూడు సెకన్లకు పెట్టి, విఫలమైతే కొంతసేపటికి మళ్లీ ప్రయత్నించడం మంచి అలవాటు.

ప్రశ్న: ఒక టేబుల్‌పై 17 ఇండెక్సులు పోగుపడ్డాయి. ఇన్సర్ట్‌లు (కొత్త వరుసలు చేర్చడం) నెమ్మదించాయి. వేటిని తీసివేయాలో ఎలా తెలుసుకోవాలి? (విశాఖపట్నం నుంచి)

జవాబు: ప్రతి ఇన్సర్ట్‌కు ఆ 17 చోట్లా ఒక్కొక్క నమోదు జరగాలి కనుక నెమ్మదించడం సహజం. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్‌లకు మరో నష్టం కూడా ఉంది: మారిన కాలమ్‌లలో ఏ ఒక్కటి మామూలు ఇండెక్స్‌లో ఉన్నా, ఇండెక్సులను తాకకుండా అదే పేజీలో కొత్త వరుసను ఉంచే దగ్గరి దారి మూసుకుపోతుంది. తరచుగా మారే కాలమ్‌పై ఇండెక్స్ పెట్టేటప్పుడు ఈ ఖర్చును మరవకూడదు.

ముందుగా ఒకదానిలో ఒకటి ఇమిడిపోయేవాటిని వెతకండి. ఖాతాదారు, తేదీ అన్న రెండు కాలమ్‌ల ఇండెక్స్ ఉండగా ఖాతాదారుపై మాత్రమే మరో ఇండెక్స్ సాధారణంగా అనవసరం. కానీ తేదీపై ఉన్నది అనవసరం కాదు. ఇంటిపేరు, ఆ తరువాత పేరు క్రమంలో అమర్చిన మన ఊరి జాబితాలో ఇంటిపేరు తెలిస్తే చాలు, వేలు పెట్టి చూపవచ్చు. వెంకటేశ్వరరావు అన్న పేరు మాత్రమే తెలిస్తే జాబితా అంతా చదవవలసిందే. బహుళ కాలమ్‌ల ఇండెక్స్‌లో మొదటి కాలమ్ స్థానం అటువంటిది. సమానత్వంతో వెతికే కాలమ్‌లు ముందు, పరిధితో వెతికేవి తరువాత ఉండాలన్న నియమం కూడా ఇందులోనుంచి వచ్చిందే.

తరువాత వాడుక లెక్క చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్ వ్యూలో ఏ ఇండెక్స్‌ను ఎన్నిసార్లు స్కాన్ చేశారో ఉంటుంది. సున్నా కనబడగానే తీసివేయకండి. రెప్లికా (నకలు) సర్వర్లు తమ లెక్క తాము విడిగా ఉంచుకుంటాయి, కాబట్టి నివేదికలు అక్కడ నడిస్తే అక్కడ కూడా చూడాలి. యునీక్ ఇండెక్స్‌ను ఎవరూ స్కాన్ చేయకపోయినా, డూప్లికేట్‌లను ఆపడమే దాని పని. సంవత్సరాంతంలో ఒక్కసారి నడిచే నివేదిక కోసం ఉన్న ఇండెక్స్ ఇవాళ్టి లెక్కల్లో కనబడదు. మైఎస్‌క్యూఎల్ 8లో ఇండెక్స్‌ను తొలగించకుండా ఇన్విజిబుల్‌గా మార్చి కొన్నాళ్లు గమనించే వెసులుబాటు ఉంది, దానిని వాడుకోండి.

ప్రశ్న: పరీక్ష ఫలితాల జాబితాలో మొదటి పేజీ వెంటనే వస్తోంది, ఐదు వేలో పేజీ పదిహేను సెకన్లు పడుతోంది. (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: పేజీల కోసం వాడే ఆఫ్‌సెట్‌కు (ఇన్ని వరుసలు వదిలి తరువాతివి ఇవ్వమనే మాటకు) వరుసలను దూకి వెళ్లే శక్తి లేదు. ఆఫ్‌సెట్ లక్ష అంటే, లక్ష వరుసలను తయారుచేసి పారేసి, ఆ తరువాతి ఇరవై ఇవ్వడం. ముందు పేజీలోని చివరి వరుస విలువలను గుర్తుంచుకుని, వాటి తరువాతివి ఇరవై ఇవ్వమని అడగండి. క్రమం మార్కులతో అయితే సమాన మార్కులు వచ్చినవారు పేజీల మధ్య జారిపోకుండా హాల్ టికెట్ సంఖ్యను రెండో కాలమ్‌గా చేర్చి, రెండింటిపైనా ఇండెక్స్ ఉంచాలి. నేరుగా ఐదు వేలో పేజీకి వెళ్లే బొత్తాం అప్పుడు కుదరదు. ఆ పేజీకి నిజంగా వెళ్లేవారు ఎవరని నా ప్రశ్న. తన ఫలితం కావలసిన విద్యార్థికి వెతికే పెట్టె చాలు.

ప్రశ్న: మా గ్రంథాలయం పుస్తకాల జాబితా తెలుగు లిపిలో పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. రచయిత పేరు మొదటి అక్షరాలతో వెతికితే ఇండెక్స్ ఉన్నా వాడడం లేదు. పైగా జాబితాలో కళ్లెదుట కనబడుతున్న పేరే కొన్నిసార్లు వెతికితే దొరకడం లేదు. (ఒక గ్రంథపాలకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఇవి రెండు వేరు సమస్యలు. మొదటిది: మీ డేటాబేస్ కొలేషన్ సీ (బైట్ల క్రమాన్నే పాటించేది) కాదు. భాషా నియమాల ప్రకారం అమర్చిన మామూలు ఇండెక్స్‌లో, ఒకే అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ ఒకచోటే ఉంటాయన్న హామీ లేదు కనుక, లైక్ షరతుకు (పేరులోని కొంత భాగంతో వెతికేదానికి) ప్లానర్ దానిని వాడదు. అదే కాలమ్‌పై టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ అన్న మాట చేర్చి మరో ఇండెక్స్ చేయండి. మొదటి అక్షరాలతో వెతకడానికి అది సరిపోతుంది. పేరు మధ్యలోని భాగంతో వెతకాలంటే ఇది కూడా చాలదు, మూడేసి గుర్తుల ముక్కలతో వెతికే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ వైపు చూడాలి.

రెండోది వేగానికి సంబంధించినది కాదు కానీ, తెలుగు సమాచారం ఉంచుకునే వారందరికీ ఎదురయ్యేదే. శ్రీనివాస్ అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తరువాత కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. యూనికోడ్‌లో దీని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒకరు ఆ గుర్తుతో, ఒకరు అది లేకుండా నమోదు చేస్తే తెరపై రెండూ ఒకేలా ఉంటాయి, డేటాబేస్‌కు మాత్రం రెండు వేరు పేర్లు. ఐత్వం కూడా రెండు విధాలుగా నమోదు కావచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద చేరే మరో గుర్తు కలిపి. ఈ రెండో తేడాను 13వ వెర్షన్ నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్ సరిచేస్తుంది. మొదటిదాన్ని సరిచేయదు, రీప్లేస్ ఫంక్షన్‌తో మనమే తీసివేయాలి.

అసలు పేరు కాలమ్‌ను ముట్టుకోవద్దు. ఆ గుర్తు లేకపోతే రాజ్‌కుమార్ వంటి పేర్లలో జకారం కింద కకారపు ఒత్తు చేరి, ముద్రించినప్పుడు అసహ్యంగా ఉంటుంది. వెతకడం కోసం మాత్రమే వేరే జనరేటెడ్ కాలమ్ (ఇతర కాలమ్ నుంచి డేటాబేసే లెక్కకట్టి నింపేది) ఒకటి పెట్టి, అందులో నార్మలైజ్ చేసి, గుర్తులు తీసివేసిన రూపాన్ని ఉంచి, పైన చెప్పిన ఇండెక్స్‌ను ఈ కాలమ్‌పై చేయండి. పాఠకుడు టైపు చేసిన పేరును కూడా ఇదే విధంగా శుభ్రపరచిన తరువాతే పోల్చాలి. లైక్‌లో అండర్‌స్కోర్ గుర్తు ఒక తెలుగు అక్షరానికి బదులు నిలుస్తుందని అనుకోకండి. అది ఒక్క యూనికోడ్ గుర్తుకే సమానం. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో అటువంటి గుర్తులు ఆరు ఉన్నాయి, యూటీఎఫ్ 8లో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. కాలమ్ పొడవు నిర్ణయించేటప్పుడు ఈ లెక్కను దృష్టిలో ఉంచుకోండి. ఇంగ్లిష్ పేర్లకు సరిపోయిన 30 గుర్తుల పరిమితి, ఇంటిపేరుతో సహా రాసిన తెలుగు పేర్లకు చాలాసార్లు చాలదు.